పొగ ఎవరిది

బ్రెస్ వాకిట్లో చెప్పులు విడిచేసరికి ప్లీలాద్ పొయ్యి పక్కన కూర్చుని విల్లు చెక్కుతోంది. వెదురు బద్దని తొక్క వైపు కిందికి, కండ వైపు పైకి పెట్టుకుంది. ఒక కొనని కాలివేళ్ళ సందున, రెండో కొనని చంకలో ఇరికించుకుని కత్తిని తనవైపు లాగుతోంది. ఒక్కో లాగుడుకి ఉల్లిపొరంత తుక్కు లేచి ఒళ్ళో పడుతోంది. అలికిడి కాగానే అలవాటుకొద్దీ విల్లు మీద శాలువా కప్పేసి, వచ్చింది అన్నే అని చూసి మళ్ళీ తీసేసింది.

అన్న దగ్గర దాచేదేముంది. ఆ మాటకొస్తే మా కొండ ఊరు మౌరింతెప్‌లో ఎవరి దగ్గర మాత్రం దాచేదేముంది. మేనమామ ఖ్రావ్‌బోర్ చేతులకి వణుకు వచ్చి నాలుగేళ్ళయింది. అప్పటినుంచి ఆ ఇంటి విళ్ళు ఎవరి చేతిలో పుడుతున్నాయో ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు. ఆడది విల్లు ముట్టకూడదు కాబట్టి తెలిసినట్టు కనపడకూడదు, అంతే. విల్లు ప్లీలాద్ వంచుతుంది, పేరు ఖ్రావ్‌బోర్‌ది ఉంటుంది, బాణం మగాళ్ళు కొడతారు, ఆనక అందరూ కలిసి వక్క నములుతారు. ఈ మర్యాద ఎవరు కనిపెట్టారో గానీ మగాళ్ళకి మహా సుఖంగా ఉండేది.

"టీ పొయ్యనా అన్నా?" అంది ప్లీలాద్.

"వద్దు. పనుంది."

"పనున్నవాడు టీ తాగకూడదని వదిన వాళ్ళింట్లో నేర్పారా?"

పొయ్యికి అవతల పీట మీద కూర్చుని చిన్న రోట్లో వక్క దంచుకుంటున్న ఖ్రావ్‌బోర్ నవ్వాడు. బ్రెస్ నవ్వలేదు. మా దగ్గర పెళ్ళయిన మగవాడు భార్య ఇంటికి పోతాడు. తల్లి ఇంటికి వస్తే చుట్టమే, అయినా ఆ ఇంటి మంచిచెడ్డలకి పెద్ద అతనే. ఇవాళ చుట్టంగా వచ్చాడో పెద్దగా వచ్చాడో అతను నిలబడ్డ తీరు చూస్తే తెలిసిపోతోంది.

"నిన్న దర్బారు కూర్చుంది," అన్నాడు.

దర్బారంటే ఊరి మగవాళ్ళు రాళ్ళ మీద కూర్చుని తీర్పులు చెప్పే సభ. ఆ రాళ్ళ మధ్యకి ఆడవాళ్ళు పోరు. పెట్ట కూస్తే లోకం మునుగుతుందని మా పెద్దల సామెత. కాబట్టి అక్కడ ఏం తేల్చినా ఆడవాళ్ళు ఇలా ఎవరో ఒకరు వచ్చి చెబితే వినాల్సిందే.

"బాణాల పందెంలో లైత్‌ఖ్రో ఊరివాళ్ళ చేతిలో వరసగా నాలుగేళ్ళు ఓడిపోయాం. దీనికేదో కారణం ఉండాలి గదా అని మాటొచ్చింది. విల్లుకి ఆడచెయ్యి తగిలింది, అదే కారణం అని తేల్చారు."

"ఎవరన్నారు?"

"అందరూ."

"అందరూ ఒక్కసారే అనరుగా. ముందు ఎవరో ఒకరు నోరు తెరిచి ఉంటారు."

బ్రెస్ పొయ్యికేసి చూశాడు. "నేనే అన్నాను."

రోట్లో చప్పుడు ఆగింది. ప్లీలాద్ కత్తి ఆపలేదు. ఇంకో రెండు సార్లు లాగి, తుక్కు ఊది, వేలితో నిమిరి చూసుకుంది.  ఊళ్ళో ఇంకెవరు ఆ మాట అన్నా ఊరుకునేది. పోయినేడు పందెంలో అన్న పట్టిన విల్లు ఈ చేతులతో వంచిందే.

"ఈసారి విళ్ళు ఉంసాతెప్ ఊరి నుంచి తెప్పిస్తున్నాం," అన్నాడు బ్రెస్. "నువ్వింక విల్లు మీద కత్తి పెట్టొద్దు ప్లీ. కత్తి మామ సంచిలో పెట్టెయ్. మామ తర్వాత విళ్ళు చేసేవాడన్న పేరు ఎలాగూ నాకొస్తుంది. అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాం."

"నీకా? అన్నా, నువ్వు బాణం ఎక్కుపెడితే ఆకాశంలో గద్ద కూడా పక్కకి జరుగుతుంది, కాదనను. కానీ పుల్ల చెక్కమంటే వేలు తెగ్గోసుకుంటావు."

"నేర్చుకుంటాను."

"నేర్చుకో. నేర్పడానికి నేనైతే ఉన్నాను. మళ్ళీ నా చెయ్యి తగులుతుందేమో చూసుకో."

ఖ్రావ్‌బోర్ మళ్ళీ నవ్వబోయి దగ్గుతో సరిపెట్టాడు. బ్రెస్ మొహం ఎర్రబడింది.

"ఇంకోటి. ఆ బద్దలు దించు." పొయ్యి పైన వేలాడే తడక మీదకి చూపించాడు. రెండు చలికాలాల కిందట కొట్టిన వెదురు అక్కడ బద్దలుగా పేర్చి ఉంది. పొగ పట్టి పట్టి చిక్కటి టీ రంగుకి తిరిగింది. "అవి ఇస్తే ఉంసాతెప్ వాడు బదులుగా విళ్ళిస్తాడు. ఊరి తోపులో కొట్టిన వెదురు. ఊరి సొమ్ము."

"అంటే నేను ముట్టిన విల్లు పనికిరాదు గానీ నేను ముట్టిన బద్ద పనికొస్తుంది."

"బద్ద విల్లు కాదు గదా."

ప్లీలాద్ అప్పుడు కత్తి పక్కన పెట్టింది. కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గించడం ఆ ఇంటి ఆడవాళ్ళ అలవాటు. వాళ్ళమ్మా అంతే.

"సరే. వెదురు ఊరిది. ఒప్పుకున్నాను. అయితే పచ్చి వెదురు కావాలంటే తోపుకి పో అన్నా, ఎంత కావాలంటే అంత ఉంది. ఇది పచ్చిది కాదు. రెండేళ్ళు నా పొయ్యి పొగ తాగింది. జ్వరమొచ్చి పడుకున్న రోజు కూడా లేచి కట్టె ఎగదోశాను. వండేందుకేం లేని పూట కూడా ఉత్తి పొగ పెట్టాను. పొయ్యి ఎవరిది?"

 మా దగ్గర ఆ ప్రశ్నకి రెండో జవాబు లేదు. ఇల్లూ పొయ్యీ ఆఖరి కూతురివి. దర్బారు మొత్తం దిగి వచ్చినా దాన్ని కాదనలేదు.

"పొయ్యి నాదైతే పొగ కూడా నాదే," అంది ప్లీలాద్. "మీ వెదురు మీరు తీసుకుపోండి. నా పొగ నాకిచ్చి తీసుకుపోండి."

"పొగ ఎలా ఇస్తారే పిచ్చిదానా."

"ఇలా."

ఒళ్ళో ఉన్న విల్లుని బోర్లా తిప్పింది. తొక్క వైపు పైకొచ్చింది. విల్లుకి ప్రాణమంతా ఆ తొక్కలోనే ఉంటుంది. దాని మీద కత్తి పెట్టకూడదని పసిపిల్లలకి కూడా తెలుసు. ప్లీలాద్ కత్తిని అడ్డంగా పట్టుకుని ఈ కొన నుంచి ఆ కొన దాకా నెమ్మదిగా, వంకాయ చెక్కు తీసినట్టు తీసింది. నల్లటి పొడుగాటి చెక్కు చుట్టలు చుట్టుకుని పొయ్యి బూడిదలో పడింది. ఖ్రావ్‌బోర్ "వద్దే" అన్నాడు గానీ అప్పటికి సగం అయిపోయింది. తెల్లగా, బోడిగా మిగిలిన దాన్ని అన్న చేతికిచ్చింది.

"తీసుకో. ఊరి వెదురు ఊరికిచ్చేశాను. ఇది నీ కొలతకే చెక్కుతున్నాను, నీ కనుబొమ్మ ఎత్తుకి. చూసుకో కావాలంటే."

బ్రెస్ చూసుకోవాల్సిన పని లేదు. చేతిలోకి రాగానే తనదని తెలిసిపోయింది. నమ్మలేనట్టు మోకాలికి ఆనించి కొంచెం వంచాడు. పుటుక్కుమని రెండయింది.

"మిగతావి కూడా ఇలాగే ఇస్తాను," అంది ప్లీలాద్. "ఇప్పుడే కావాలా, సాయంత్రం వస్తావా?"

బ్రెస్ రెండు ముక్కలూ చేతిలోనే పట్టుకుని, చెప్పులు సగం తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఖ్రావ్‌బోర్ బూడిదలో పడ్డ చెక్కుని పుల్లతో ఇవతలికి లాగాడు.

"వెదురుని అవమానించావు," అన్నాడు.

"అవమానం వెదురుకి జరిగిందంటావా మామా?"

ఖ్రావ్‌బోర్ రోలు దగ్గరికి లాక్కున్నాడు. దంచడానికి అందులో ఏమీ లేదు.

ఆ మర్నాడు ఊరిపెద్ద స్వయంగా వచ్చాడు. పెద్దమనిషి, మంచివాడే. ఎవరింట్లో చావైనా ముందు కట్టెలు మోసేది ఆయనే. కానీ మంచివాళ్ళకి గొడవంటే భయం, ఆ భయంతో వాళ్ళు చేసే పనులు చెడ్డవాళ్ళు కూడా చెయ్యరు.

ప్లీలాద్ టీ పోసింది, బియ్యప్పిండి రొట్టె పెట్టింది. ఆయన ఆమె వైపు చూడకుండా ఖ్రావ్‌బోర్‌తో మాట్లాడాడు.

"బద్దల సంగతి వదిలేశాం ఖ్రావ్‌బోర్. మీ ఇంటి గొడవ మీరు చూసుకోండి. ఊళ్ళో బంగాళాదుంపలు పోగుచేసి ఉంసాతెప్ వాడికి పంపించాం. రాత్రికి రాత్రే విళ్ళు వచ్చేశాయి. బాగున్నాయి."

"వాడు బాగానే చేస్తాడు," అన్నాడు ఖ్రావ్‌బోర్.

"అయితే ఒక్క చిక్కు." ఊరిపెద్ద రొట్టె తుంచి నోట్లో పెట్టుకోకుండా పట్టుకున్నాడు. "గురి ముందు నిలబడి పేరు చెప్పేది నువ్వే గదా."

చిక్కంతా అక్కడుంది. మా పందేల్లో ప్రతి ఊరికీ ఒక దారికట్టేవాడు ఉంటాడు. బాణాలు మొదలయ్యాక అవతలి ఊరి బాణాలకి తిట్లతో, శాపాలతో దారి కట్టడం అతని పని. అంతకన్నా ముందు, మొదటి బాణం పడకముందే, గడ్డిమోపు గురి ఎదుట నిలబడి తమ విళ్ళు ఎవరి పొయ్యి పొగ తాగాయో, ఏ చెయ్యి వంచిందో, ఆ చేతిది ఏ తల్లి వంశమో చెప్పాలి. విల్లు సొంత ఊరి పొయ్యిదే అయుండాలి. చెప్పిన మాట అబద్ధమైతే బాణం గురిలో నిలవదని మా తాతలనాటి నమ్మకం. మౌరింతెప్‌కి ముప్ఫై ఏళ్ళుగా దారికట్టేవాడు ఖ్రావ్‌బోరే.

"ఎప్పుడూ చెప్పినట్టే చెప్పు," అన్నాడు ఊరిపెద్ద. "నీ పేరే చెప్పు. వెదురు మీద ఊరిపేరు రాసి ఉండదు గదా. ఎవరు చూడొచ్చారు."

మూలన బియ్యం కడుగుతున్న ప్లీలాద్ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

"ఆడది ముట్టిన విల్లు పనికిరాదు, అబద్ధం ముట్టిన విల్లు పనికొస్తుందన్నమాట," అంది.

"ప్లీలాద్, ఇది మగవాళ్ళు మాట్లాడుకునే మాటమ్మా."

"నా పొయ్యి దగ్గర కూర్చుని నా రొట్టె తింటూ మాట్లాడేది నా మాట కూడా బాబాయ్. దర్బారు రాళ్ళ దగ్గర మాట్లాడుకోండి, నేను రాను. మొదటి విల్లు ఇద్దరు కొడుకుల చేతుల్లో పెట్టి ఆడుకోండిరా అన్నది తల్లే కదా. మీరు చెప్పిన కథే గదా అది, చిన్నప్పుడు. ఆ తల్లి చేతికి గుడ్డ చుట్టుకుని ఇచ్చిందా?"

ఊరిపెద్ద రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. లేచి, గడప దగ్గర ఖ్రావ్‌బోర్ భుజం మీద చెయ్యి వేసి, "నీ పేరే," అని మళ్ళీ చెప్పి వెళ్ళాడు.

ప్లీలాద్ కడిగిన బియ్యం మళ్ళీ కడిగింది. ఊరిపెద్దని మాటలతో పంపించింది గానీ ఆమెకి నిజంగానే భయం వేసింది. ఈ ఏడు అలా గడిచిపోతే పై ఏటికి అదే ఆచారం అవుతుంది. ఆ పైన మామ పోతాడు, పేరు బ్రెస్‌కి పోతుంది, బ్రెస్ ఉంసాతెప్ విళ్ళు తెచ్చి నావే అంటాడు. ఆమె చేతులు ఏం చేస్తాయి. మొగుడు క్వారీ నుంచి వారానికోసారి వస్తాడు, వండి పెడుతుంది. తోటలో దుంపలు తవ్వుతుంది. అవన్నీ అందరూ చేస్తారు. బద్ద చేతిలోకి తీసుకోగానే ఇది ఎక్కడ వంగుతానంటోంది, ఎక్కడ వంగనంటోంది అని తెలిసే చేతులు ఊళ్ళో ఇవి రెండే. వాటిని మామ సంచిలో ఎలా పెట్టడం.

అన్నం పొయ్యి మీద పెట్టి, తడక మీద నుంచి ఒక బద్ద దించింది.

"ఎవరికి?" అన్నాడు ఖ్రావ్‌బోర్.

"విరిగింది ఎవరిదో వాడికి."

ఖ్రావ్‌బోర్ పీట కొంచెం ఇటు జరుపుకున్నాడు.

తర్వాతి రెండు రోజులూ ఆ ఇంటికి నిప్పు అడగడానికి కూడా ఎవరూ రాలేదు, ఒక్క మెరిమోన్ తప్ప. మెరిమోన్ పక్కింటావిడ. సంతలో వక్కలమ్ముతుంది, నోరు వక్కకన్నా ఎర్రన. తమలపాకుల కట్ట అరుగు మీద పడేసి, అడక్కుండానే టీ పోసుకుని కూర్చుంది.

"ఊరంతా నీ గురించే. పొగ గీకి ఇచ్చావట గదా. మా ఆయన మూడు రోజుల నుంచి నా పొయ్యి వైపు భయంగా చూస్తున్నాడు."

"నువ్వు కూడా ఏదన్నా గీకి ఇవ్వకపోయావా."

"ఏముంది ఇవ్వడానికి. ఇరవయ్యేళ్ళు వండి పెట్టిన అన్నం గీకి ఇమ్మంటే ఆయనలో మిగిలేదేం లేదు."

ప్లీలాద్ నవ్వింది. ఆ నాలుగు రోజుల్లో అదే మొదటి నవ్వు. ఆమె బద్దని పొయ్యి సెగకి చూపిస్తూ మెల్లగా తిప్పుతోంది. సెగ ఎక్కువైతే వెదురు చెమటపట్టినట్టు మెరుస్తుంది, అక్కడ ఆపెయ్యాలి. దించి, మోకాలికి ఆనించి, రెండు కొనలూ దగ్గరికి లాగి, ఒక కన్ను మూసి చూసింది. ఎడమ కొన కొంచెం మొండికేస్తోంది. మళ్ళీ కత్తి తీసుకుంది.

"లైత్‌ఖ్రోకి దారికట్టే ముసలాడు ద్రిక్ గొంతు సవరించుకుంటున్నాడట," అంది మెరిమోన్. "ఆడి మంత్రం గుర్తుందా? నాలుగేళ్ళ నుంచి అదొక్కటే." లేచి నిలబడి, శాలువా తలకి చుట్టి, ద్రిక్‌లాగా పొట్ట ముందుకి పెట్టి చేతులు చాపింది. "తల్లి పేరు లేని బాణమా, నీకు దారేది? తల్లి పేరు లేని బాణమా, నీకు ఇల్లేది?"

మా వాళ్ళల్లో తల్లి పేరు లేదనడం కన్నా పెద్ద తిట్టు లేదు. అందుకే ఏటా ద్రిక్ అది మొదలుపెట్టగానే మౌరింతెప్ వాళ్ళు కూడా నవ్వి, ఇంతకన్నా పెద్ద తిట్టు తమ దగ్గరేముందా అని వెతుక్కునేవాళ్ళు. ప్లీలాద్ కూడా నవ్వింది. తలెత్తి చూసేసరికి మామ పీట ఖాళీగా ఉంది. టీ సగం తాగి అక్కడే వదిలేసి, వాన తుంపర పడుతున్నా లెక్కచెయ్యకుండా వాకిట్లోకి పోయి నిలబడ్డాడు.

"ఏమైంది ముసలాయనకి?" అంది మెరిమోన్.

"టీలో ఉప్పెక్కువైందేమో."

సాయంత్రానికి వాన వెలిసింది. ప్లీలాద్ నారికోసం వెదురు పైతొక్కని సన్నగా చీల్చి, నీళ్ళలో నానేసి, కత్తి వీపుతో రాసి మెత్తన చేస్తోంది. మా విల్లుకి నారి కూడా వెదురే. ఖ్రావ్‌బోర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. వణికే చెయ్యి చాపి కొత్త విల్లు అందుకున్నాడు. కళ్ళు మూసుకుని ఈ కొన నుంచి ఆ కొనకి నిమిరాడు. చెయ్యి వణుకుతూనే ఉంది గానీ వేళ్ళు ఎక్కడ ఆగాలో అక్కడే ఆగాయి.

"ఎడమ కొన," అన్నాడు.

"ఇంకా ఉందా?"

"ఒక్క లాగుడు. అంతే. రెండోది లాగితే పోతుంది."

ఆమె ఒక్కసారి లాగింది. అతను మళ్ళీ నిమిరి తల ఊపాడు. వాళ్ళమ్మ పోయిన ఏడు, బద్ద పట్టుకోవడం ఎలాగో ఇలాగే కూర్చోబెట్టి నేర్పాడు. తలుపు వేసి నేర్పాడు.

"మామా, ఎల్లుండి ఎవరి పేరు చెప్తావు?"

"ముప్ఫై ఏళ్ళ నోరిది. దానికి తెలుసు ఏం చెప్పాలో."

"దానికి తెలుసు. నాకు చెప్పు."

ఖ్రావ్‌బోర్ విల్లు ఆమె ఒళ్ళో పెట్టి లేచాడు. "నీకు నీ పొగ ఎంతో నాకు నా నోరు అంత. వదిలెయ్."

ప్లీలాద్ వదల్లేదు. "సరే. నువ్వు ఎవరి పేరు చెప్పినా నేను మాత్రం విళ్ళు తెస్తాను. మిగతా ఎనిమిదీ ముందే చెక్కి ఉన్నాయి, దీంతో తొమ్మిది. శాలువా కప్పి తీసుకురాను. బుట్టలో పెట్టుకుని, వీధిలోంచి తెస్తాను. వాళ్ళందరి ముందూ అవి నావి కావని నువ్వే చెబుదువు గాని."

అతను విన్నాడో లేదో లోపలికి పోయి పడుకున్నాడు.

పందెం రోజు సంతరోజే. పొద్దున్నే మబ్బు విడిచి ఎండ కాసింది. లైత్‌ఖ్రో వాళ్ళు సంత జీపుల్లో, జీపు టాపుల మీద దిగారు. మైదానానికి ఒక పక్క గట్టు మీద ఆడవాళ్ళు బుట్టలు దించుకుని కూర్చున్నారు. మగవాళ్ళు గురి దగ్గర. గడ్డిమోపు కొత్తగా కట్టారు, ఇంకా పచ్చి వాసన పోలేదు. మా వాళ్ళ తొమ్మిది మంది విల్లుకాళ్ళ ముందు ఉంసాతెప్ విళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి. మంచి విళ్ళే, అబద్ధం ఎందుకు. బ్రెస్ వాటిలో ఒకటి చేతిలోకి తీసుకుని, పెట్టి, ఇంకోటి తీసుకుంటున్నాడు. ఏదీ చేతిలో కుదురుకుంటున్నట్టు లేదు.

ప్లీలాద్ నుదుటి పట్టీతో వీపున మోసే బుట్టలో తొమ్మిది విళ్ళు నిలువునా పెట్టుకుని సంత వీధి మధ్య నుంచి నడిచి వచ్చింది. బుట్టలో విళ్ళు ఆమె తల మీద నుంచి చెయ్యెత్తు పైకి లేచి ఉన్నాయి, చూడనట్టు నటించడానికి ఎవరికీ వీల్లేదు. చేపలమ్మేవాళ్ళు చెయ్యి ఆపారు. ఎవరో "ఇదేం పోయేకాలం" అన్నారు. వెనకాల నడుస్తున్న మెరిమోన్ గొణిగింది, "నడు, నడు. ఆగితే మాట్లాడతారు."

ఆమె ఆడవాళ్ళ గట్టు దాటి వచ్చేసింది. ఎప్పుడూ ఏ ఆడదీ దాటని గట్టు అది. గురి ముందు, ఉంసాతెప్ విళ్ళకి మూరెడు దూరంలో బుట్ట దించి, విళ్ళు తీసి పక్కపక్కనే పరిచింది. నారి ఎక్కించని విళ్ళు. పక్కన నారులు.

"ప్లీ, పరువు తియ్యకు," అన్నాడు బ్రెస్ పళ్ళ మధ్య నుంచి.

"నేను పెట్టడానికే వచ్చానన్నా. తియ్యడం అయిపోయింది."

లైత్‌ఖ్రో వైపు కలకలం లేచింది. ద్రిక్ పొట్ట మీద చెయ్యి వేసుకుని, చోద్యం చూస్తున్నట్టు రెండడుగులు ముందుకొచ్చాడు. ఊరిపెద్ద గబగబా ఖ్రావ్‌బోర్ చెవి దగ్గరికి వంగాడు. ఖ్రావ్‌బోర్ విన్నాడు, తల ఊపాడు. నల్ల తలపాగా సర్దుకుని గురి ఎదుటికి నడిచాడు.  ఆ తల ఊపుడు ప్లీలాద్‌కి తెలుసు. పెద్దమనుషుల మాట కాదనని మనిషి తల ఊపుడు అది.

"మౌరింతెప్ విళ్ళు," అని ఎత్తుకున్నాడు ఖ్రావ్‌బోర్. ముసలి గొంతే గానీ మైదానం ఆ చివరికి వినపడింది. "మౌరింతెప్ తోపు వెదురు. మౌరింతెప్ పొయ్యి పొగ తాగింది. వంచిన చెయ్యి..."

ఆగాడు. నోట్లో వక్క ఉమ్మేశాడు. పేరు చెప్పేటప్పుడు నోట్లో వక్క ఉంచుకోవడం అతని ముప్ఫై ఏళ్ళ అలవాటు.

"వంచిన చెయ్యి ప్లీలాద్‌ది. ఖర్‌మౌలాంగ్ తల్లి వంశం. నా అక్క ఆఖరి కూతురు."

ఖ్రావ్‌బోర్ దర్బారు పెద్దల వైపు తిరిగాడు.

"నాలుగేళ్ళు ఇక్కడే నిలబడి నా పేరు చెప్పాను. నాలుగేళ్ళూ ఓడిపోయాం. ఆడచెయ్యి తగిలి ఓడామని దర్బారు తేల్చింది. ఓడింది చెయ్యి తగిలి కాదు, నా నోరు తగిలి. అబద్ధం చెబితే బాణం నిలవదని మీ అందరికీ నేర్పింది నేనే. నాకే గుర్తు లేకపోయింది." ద్రిక్ వైపు వేలు చూపించాడు. వేలు వణికింది, అతను దాచుకోలేదు. "ఈ ముసలాడికి మొదటి ఏడే తెలిసింది. తల్లి పేరు లేని బాణమా అని నా మొహంలోకి చూసి పాడాడు. మీరు తిట్టనుకుని నవ్వారు. తిట్టు కాదురా అది. వాడు నిజం చెప్పాడు."

"ఖ్రావ్‌బోర్," అన్నాడు ఊరిపెద్ద బతిమాలుతున్నట్టు. "మనం కొట్టేది ఆ విళ్ళతో కాదు గదా. ఈ విళ్ళు..."

"ఈ విళ్ళు ఏ తల్లి పేరువో నాకు తెలియదు. మన ఊరి పొయ్యి కాదు. తెలిసినవాడు ఉంటే వచ్చి ఇక్కడ నిలబడి చెప్పండి. నేను పక్కకి జరుగుతాను."

నిజంగానే పక్కకి జరిగాడు. గురి ఎదుట జాగా ఖాళీ అయింది. ఊరిపెద్ద బ్రెస్‌ని చూశాడు, బ్రెస్ నేలని చూశాడు. ఆ ఖాళీలోకి ఎవరూ రాలేదు. అబద్ధం ఆడటం వేరు, గురి ముందు నిలబడి ఆడతావా అంటే అడుగు ముందుకి వేయడం వేరు.

"పేరు చెప్పాను," అన్నాడు ఖ్రావ్‌బోర్. "పేరు చెప్పిన చెయ్యే మొదటి విల్లుకి నారి ఎక్కించాలి. రా అమ్మా."

పోయిన నాలుగేళ్ళూ ఆ పనికి బ్రెస్ విల్లు వంచి పట్టుకుంటే మామ వణికే చెయ్యి ఊరికే ఆనించేవాడు. నారి ఎక్కిన విల్లుని నలుగురిలో ఆడది ముట్టడం మా కొండల్లో ఎవరూ చూడలేదు. ప్లీలాద్‌కి ఏడుపొచ్చింది. వచ్చిన ఏడుపుని అక్కడే ఆపి, వంగి, వరసలో చివర ఉన్న కొత్త విల్లు తీసుకుంది. కింది కొనని మడమకి ఆనించింది. పై కొనని చేత్తో పట్టుకుని మోకాలితో విల్లు నడుముని నొక్కింది. విల్లు వంగింది, రెండు వైపులా సమానంగా వంగింది. తడిపిన నారి ఉచ్చుని గాడిలోకి జార్చింది. వేలితో ఒకసారి మీటింది. ఆ చప్పుడు గట్టు మీద ఆడవాళ్ళకి కూడా వినపడింది.

ద్రిక్ చేతులు చాపి నోరు తెరిచాడు. అతని వంతు అది. "తల్లి..." అని ఆగిపోయాడు. ఇంకోసారి నోరు తెరిచాడు. లైత్‌ఖ్రో విల్లుకాళ్ళందరూ అతని వంక చూస్తున్నారు. చివరికి చేతులు దించేసి ఖ్రావ్‌బోర్‌తో అన్నాడు, "నాలుగేళ్ళ మంత్రం పాడుచేశావు గదరా. ముందుగా ఒక మాట చెప్పుంటే ఇంకోటి కట్టుకుని వచ్చేవాణ్ణి."

ప్లీలాద్ విల్లు తీసుకెళ్ళి అన్న ఎదుట పట్టుకుంది.

"నీ కొలతే. పట్టుకో అన్నా. పొగ వాసనొస్తే ముక్కు మూసుకో."

బ్రెస్ వెంటనే అందుకోలేదు. రెండు ఊళ్ళూ చూస్తున్నాయని అతనికి తెలుసు. అందుకుని, అలవాటుకొద్దీ నారి లాగి చూసుకున్నాడు. చెయ్యి దానంతట అదే కుదురుకుంది. విల్లుని మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ వాసన అతనికి కొత్తది కాదు, చిన్నప్పుడు అమ్మ శాలువాలో ఉండేది. ముక్కు మూసుకోలేదు. చెల్లెలి మొహం చూడకుండా గీత దగ్గరికి పోయి నిలబడ్డాడు.

రెండో విల్లుకాడు వచ్చి పరిచిన వాటిలోంచి తన కొలత విల్లు వెతికి తీసుకున్నాడు. ఎవరి విల్లుకి వాళ్ళే నారి ఎక్కించుకోవచ్చు, అతనికి రాక కాదు. కాసేపు తటపటాయించి, విల్లు ఆమె ముందు పెట్టాడు. అతని వెనక మూడోవాడు నిలబడ్డాడు. ఊరిపెద్ద ఏదో అనబోయి, ఎవరూ వినేలా లేరని మానుకున్నాడు. గట్టు మీద నుంచి మెరిమోన్ చెయ్యి ఊపి రమ్మంది. ప్లీలాద్ వెళ్ళలేదు. ఇంకా ఎనిమిది విళ్ళకి నారి ఎక్కించాల్సి ఉంది.